సిస్టంలో నాలుగు ఉండాయి

తెల్లారి నాలుక్కి నీళ్లొస్తాయి మా లైనుకు,
రోజు మార్చి రోజు, నలభై నిమిషాలు.
పదకొండు పోర్షన్ల బిందెలూ
నా మోటారు స్విచ్చి కిందే వరస కడతాయి.
ఫుట్‌వాల్వు పట్టు వదిలేసింది.
మోటారు ఉరుముతుంది, ఊగుతుంది,
నీళ్లు మాత్రం సగం దాకా ఎక్కి
సంపులోకే జారిపోతాయి,
మాటిచ్చి తప్పించుకునే మనిషి మాదిరి.
కావల్సింది ఒక వాచరు. అరచేతిలో పట్టే రబ్బరు బిళ్ల.

రేణిగుంట రోడ్డులో పెద్దంగడికి పొయ్యినాను.
వాకిట్లోనే నా పాత వాల్వును సంచిలో పెట్టి
మూతికి సీలేసినాడు సెక్యూరిటీ.
"చూపించి అడగల్ల గదప్పా" అంటే
"లోపల ఓపెన్ చెయ్యకూడదు మేడం" అన్నాడు.

లోపల చలి.
నీళ్లు లేని కొళాయిలు గోడంతా
మెడలు వంచుకోని నిలబడుండాయి.
ఎవరూ మునగని తొట్లు. యాడికీ తెరుచుకోని తలుపులు.
ఒక పిల్లోడు కమోడెక్కి కూర్చుంటే
వాళ్లమ్మ ఉలిక్కిపడి లాక్కోని పొయ్యింది.

పెయింట్ల అబ్బాయి లైట్ల పాప దగ్గరికి పంపించినాడు.
లైట్ల పాప టైల్సు వాణ్ణి అడగమనింది.
టైల్సు వాడు టీకి పొయ్యుండాడు.
చివరికి పలక చేతిలో పట్టుకోని ఒకడొచ్చి
వేలితో గీకి గీకి చెప్పినాడు:
"సిస్టంలో నాలుగు ఉండాయి మేడం."
"యాడుండాయి నాయనా?"
"సిస్టంలో."
అరలో ధర చీటీ ఉండాది. దాని వెనక ఖాళీ కొక్కెం.
"సిస్టం చెప్తే ఉన్నట్టే. మళ్లా ఒకసారి చూడండి."
మళ్లా చూసినాను.
కొక్కెం గూడా నన్ను చూసింది.
"పోనీ సెట్టు తీసుకోండి, మూడువేల రెండొందలు.
వాచరు అందులోనే వస్తుంది."

అప్పుడు కనిపించినాడు
బండ్లవీధి చెంగల్రాయులు,
మోకాళ్ల దాకా వేలాడే ఆకుపచ్చ టీషర్టులో.
రొమ్ము మీద అచ్చు: నన్ను అడగండి.
ముప్పై ఏండ్లు, చొక్కా మీద ఏమీ రాయకుండానే
ఊరంతా ఆయన్ని అడిగింది.

సంచి మీదనే బొటనవేలు తిప్పి
"ముక్కాలించి కాదమ్మా, ఇంచిది, పాత అచ్చు" అన్నాడు.
గొంతు తగ్గించి,
"ఆ నాలుగూ అంగడి తెరిచిన నాడు నేనే లెక్కబెట్టినా.
వేరే నంబరు మీద అమ్ముడుపొయ్యినాయి.
సిస్టానికి చెప్పేది నా పని కాదంట."

మీ అంగడేమాయె అని నేనడగలేదు.
ఏడేండ్లుగా బల్బులూ బకెట్లూ
ఆఫరని ఈడే కొన్నదాన్ని, ఏ మొకంతో అడిగేది?

అన్నం టైముకు జనరేటరు షెడ్డు వెనక
సీలును పళ్లతో కొరికినాడు.
స్కూటరు ట్యూబు ముక్క మీద
రూపాయి బిళ్ల పెట్టి లోపలి సున్న గీసి
బ్లేడుతో చుట్టూ తిప్పినాడు, చెయ్యి వణకలేదు.
"ఎంతన్నా?"
"ఈడ నేనేమీ అమ్మకూడదమ్మా."

బయటికి పోతా ఉంటే బిల్లేదన్నారు.
ఏమీ కొనలేదన్నాను.
ఏమీ కొనని వాళ్ల దారి అటు పక్కంట.
ఆ దారిలో ఒక తెర, దాంట్లో అయిదు మొకాలు.
ఫోను నంబరు కొట్టి ఒక మొకం నొక్కాలంట.
ఏడుపు నొక్కితే ఏ ఆకుపచ్చ చొక్కా జీతం కోస్తారో.
నవ్వు నొక్కితే ఆ నాలుగూ నిజమైపోతాయి.
నడిమధ్యది, నోటికి బదులు గీత ఉండేది, నొక్కినాను.

తెల్లారి నాలుక్కి మోటారు
ఒక దగ్గు దగ్గి, పట్టుకునింది.
ఎనిమిదో బిందె మెడ దాకా నిండే ఏళకు
ఫోను ముక్కింది.
మీరు వెతికిన వస్తువు మా వద్ద ఉంది. స్టాకు: నాలుగు.
తడిచెయ్యి కొంగుకు తుడుచుకోని
తొమ్మిదో బిందె పెట్టినాను.